ఒకే సంచిలో రెండు రకాల తూటాలు

రైఫిలు గొట్టంలోకి సన్నటి కెమెరా తీగ దూర్చి చూశాను. మొదలు దగ్గర ఇనుమంతా ఎండిన చెరువులా నెర్రెలిచ్చి ఉంది.

"ఎన్ని కాల్చావురా దీనితో?" అన్నాను.

"ఎవడు లెక్కపెట్టాడు పిన్నీ," అన్నాడు క్లైడ్. "నాన్న కొనిచ్చిన దగ్గర్నుంచీ ఇదే."

"దీని పని అయిపోయింది. కొత్త గొట్టం వెయ్యాల్సిందే."

"హమ్మయ్య, తప్పు గొట్టానిదన్నమాట," అన్నాడు వెనక నుంచి రాయిస్. "నేనింకా మా అన్నకి కళ్ళు మసకలొచ్చాయేమో అనుకున్నా."

"నోర్ముయ్. పోయినేడు నువ్వు కొట్టింది ఎల్క్‌నా, చెట్టు మొద్దునా?"

వీళ్ళిద్దరూ మా అక్క ఎడీల్ కొడుకులు. క్లైడ్‌కి నలభై ఒకటి, రాయిస్‌కి ముప్ఫై ఎనిమిది. నా కొట్లో అడుగు పెడితే మాత్రం ఇద్దరికీ పదేళ్ళే. మా ఇంటి పక్క షెడ్డులో నేను తుపాకులు బాగుచేస్తాను. మోంటానా రాష్ట్రంలో ఈ మూల ఆ పని చేసే ఆడది నేనొక్కదాన్నే. అందుకే నాకు నోరెక్కువని మగవాళ్ళంతా అంటారు. నిజమే, ఎక్కువే.

మా బావ బతికుండగా ఒకే రోజు, ఒకే కొట్లో రెండు రైఫిళ్ళు కొని కొడుకులకి చెరొకటి ఇచ్చాడు. రెండూ టూ సెవెంటీ సైజు తూటావే. పక్కపక్కన పెడితే ఏది ఎవరిదో కన్నతల్లి కూడా చెప్పలేదు. తూటాలకి మాత్రం ఇద్దరికీ కలిపి ఒకటే కాన్వాసు సంచి. అట్టపెట్టె అడవిలో గలగలమంటే పెద్ద దుప్పుల్లాంటి ఎల్క్‌లు పారిపోతాయని, పెట్టెలు చింపి తూటాలన్నీ సంచిలో పోసేయడం మా బావ నేర్పిన పద్ధతి. పొద్దున్నే చెరో గుప్పెడు జేబులో వేసుకుంటారు. పాతికేళ్ళుగా అంతే.

"ఈసారి పెద్దది వెయ్యి పిన్నీ," అన్నాడు క్లైడ్. "మాగ్నమ్ ఏదైనా. లోయలో గ్రిజ్లీ ఎలుగుబంట్లు ఎక్కువయ్యాయి."

"మాగ్నమ్ తూటా మడమ వెడల్పు. గొట్టం మూసే నీ బోల్టు దాన్ని పట్టదు. బోల్టూ మార్చాలి, మ్యాగజైనూ మార్చాలి. అది వెనక్కి తన్నే తన్నుకి నువ్వు కాల్చకముందే కళ్ళు మూసుకుంటావు."

"ఇప్పుడు మాత్రం తెరుస్తున్నాడా ఏంటి," అన్నాడు రాయిస్.

"బోల్టు జోలికి పోకుండా గొట్టం ఒక్కటే మార్చాలంటే మూడున్నాయి," అన్నాను. "మళ్ళీ టూ సెవెంటీ వేసుకో. లేదా థర్టీ నాట్ సిక్స్. లేదా త్రీ నాట్ ఎయిట్."

టూ సెవెంటీ అనగానే ఇద్దరూ మొహం చిట్లించారు. పోయినేడు ఆ తూటాలు ఎక్కడా దొరక్క మూడు ఊళ్ళు తిరిగి, చివరికి ఏడింటితో కొండెక్కారు. థర్టీ నాట్ సిక్స్ గొట్టం తెప్పించాలంటే రెండు నెలలు. వేట సీజను మూడు వారాల్లో ఉంది. త్రీ నాట్ ఎయిట్ గొట్టం నా అటక మీదే ఉంది. ఇరవై రెండు అంగుళాలది, తేలిక, మంచి ఉక్కు.

"త్రీ నాట్ ఎయిట్ తూటాలు పెట్రోలు బంకులో కూడా దొరుకుతాయి," అన్నాను. "అదే వేసుకోరా. ఒకడికి దొరక్కపోతే ఇంకొకడికైనా దొరుకుతాయి."

ఆ మాట అన్నది నేనే. నా తెలివికి నేనే మురిసిపోయాను కూడా.

పని బాగానే చేశాను. పాత గొట్టాన్ని బిగించి బారు రెంచితో గుంజితే కెవ్వుమని అరిచి ఊడింది. కొత్తదాన్ని కొలత దిమ్మెలతో సరిచూశాను. ఒక దిమ్మె మీద బోల్టు మూసుకోవాలి, రెండోదాని మీద మూసుకోకూడదు. అలాగే వచ్చింది. గొట్టం మీద కొత్త నంబరు చెక్కాను. ఇరవై తూటాలు కాల్చాను. మూడేసి ఒక బొటనవేలి కింద దాగేంత దగ్గరగా పడ్డాయి. క్లైడ్ నన్ను ఎత్తి గిరగిరా తిప్పాడు. దించరా దున్నపోతా అని తిట్టాను.

సీజను మొదలైన శనివారం పొద్దున ఊళ్ళో ఎవరూ లేరు, అందరూ కొండ మీదే. నేను బల్ల సర్దుతున్నాను. క్లైడ్ పాత గొట్టం ఇనప తుక్కులో వేద్దామని చేతిలోకి తీసుకున్నాను. పరీక్షకి తెచ్చినవాటిలో మిగిలిన త్రీ నాట్ ఎయిట్ తూటా ఒకటి బల్ల మీద దొర్లుతోంది. చేతులు ఊరుకోక దాన్ని ఆ గొట్టం మొదట్లో పడేశాను.

అది ఆగిపోవాలి కదా. ఆగలేదు. జారి లోపలికి పోయింది. చివర గోరంత బయట ఉంటే బొటనవేలితో అదిమాను. అదీ పోయింది.

ఈ తూటా పొట్టిది, టూ సెవెంటీ గొట్టం మొదట్లో తూటా కూర్చునే గదిలో పట్టేస్తుంది. అరచేత్తో ఒక్క నెట్టు నెడితే బోల్టు మూసుకుంటుంది. కానీ దీని గుండు లావు, ఆ గొట్టం సన్నం. కాలిస్తే గుండు ఇరుక్కుంటూ ముందుకి పోయినా, మంట మాత్రం వెనక్కి తంతుంది. వెనక ఉండేది మనిషి మొహం. అలా పేలిన రైఫిలు ఒకటి ఎప్పుడో నా బల్ల మీదకొచ్చింది. తెచ్చింది దాని యజమాని కాదు, అతని భార్య. బాగుచెయ్యమని కాదు, ఎందుకిలా అయిందో చెప్పమని అడిగింది. అప్పుడు ఆమెకి అంతా వివరంగా చెప్పినదాన్ని, మొన్న ఇద్దరన్నదమ్ములు ఎదురుగా నిలబడితే ఆ ముక్క ఎందుకు తట్టలేదు?

రాయిస్ భార్య లీనాకి ఫోన్ చేశాను.

"లీనా, తూటాలు ఎలా సర్దుకున్నారు?"

"ఎలా ఏముంది, ఎప్పట్లాగే. రాత్రి టీవీ చూస్తూ పెట్టెలన్నీ చింపి సంచిలో పోశారు. ఆ అట్టముక్కలు నేనే ఊడ్చాను. ఏమైంది పిన్నీ?"

"క్లైడ్ కొత్తవి కూడానా?"

"అన్నీ. ఏమైందంటున్నా!"

చెప్పలేదు. చెబితే ఏం చేస్తుంది? వాళ్ళు వేటకెళ్ళిన లోయలో ఫోన్లు పనిచెయ్యవు. అడవిలో మనిషని దూరం నుంచే తెలిసే నారింజ రంగు వేట కోటు తగిలించుకుని ట్రక్కు ఎక్కాను.

నలభై మైళ్ళు. దారి పొడుగునా కొండల్లోంచి తుపాకీ మోతలు. మొదటి రోజు కదా, ఎక్కడ చూసినా వేటగాళ్ళే. మోత వినపడ్డ ప్రతిసారీ రెండోదాని కోసం చెవులు రిక్కించేదాన్ని. రెండోది వస్తే ప్రాణం లేచొచ్చేది. కాల్చినవాడు బతికున్నట్టే. రాకపోతే ట్రక్కు ఇంకా వేగంగా తోలేదాన్ని. మనసులో క్లైడ్‌ని తిట్టాను, రాయిస్‌ని తిట్టాను, చచ్చిపోయిన మా బావని తిట్టాను. ఎవర్ని తిట్టినా చివరికి నా దగ్గరికే వచ్చి ఆగుతోంది.

వాళ్ళు ఏటా వేసే గుడారంలో ఎవరూ లేరు. పొయ్యి మీద కాఫీ గిన్నె ఇంకా గోరువెచ్చగా ఉంది. సంచి మంచం మీద ఉంది. నోరు విప్పి చూస్తే పొడుగువీ పొట్టివీ కలిసిపోయి ఉన్నాయి. చీకట్లో, చేతి తొడుగులతో గుప్పెడు తీసుకునేవాడికి తేడా ఏం తెలుస్తుంది? క్లైడ్‌కి భయం లేదు. పొడుగు తూటా వాడి కొత్త గొట్టంలో పట్టనే పట్టదు. ప్రమాదమంతా ఇంకా టూ సెవెంటీయే వాడే రాయిస్‌కే.

మంచులో రెండు జతల అడుగులు కొంత దూరం కలిసి వెళ్ళి, వాగు దగ్గర విడిపోయాయి. ఎడమ కాలు కొంచెం ఈడ్చే అడుగు రాయిస్‌ది. దాని వెంట ఎక్కాను. అరవై ఒక్కేళ్ళ ఊపిరితిత్తులు ఎంత ఎక్కగలవో అంతా ఎక్కాను. గట్టు మీదకి చేరేసరికి కనిపించాడు.

పడిపోయిన మాను వెనక బోర్లా పడుకుని ఉన్నాడు, నాకు యాభై అడుగుల దూరంలో. ఎదురుగా బయలు. బయలు అవతల మగ ఎల్క్ ఒకటి తలవంచి మంచు గోకుతోంది. రాయిస్ బోల్టు ముందుకి తోశాడు. పిడి కిందకి దిగలేదు. మళ్ళీ తోశాడు. తర్వాత అరచేతి మడమతో పిడిని అదిమాడు. మంచు పట్టిందనుకుని ఉంటాడు. పిడి దిగింది.

వాడి తుపాకీ నా చేతుల్లో పెరిగింది. ఏనాడూ దాని పిడి అదమాల్సి రాలేదు.

చెంప తుపాకీ కర్రకి ఆనించాడు.

అరవడానికి నోరు తెరిచి మూసేశాను. అరిస్తే ఎల్క్ ఉలిక్కిపడుతుంది. ఎల్క్ కదిలితే రాయిస్ వేలు ఆగదు. కదిలిన క్షణమే కాల్చమని వాళ్ళ నాన్న నూరిపోశాడు. ఊరికే బెదిరినా లాగేస్తాడు. పరిగెత్తి పట్టుకుందామంటే యాభై అడుగులు. అంతసేపు వాడు ఆగడు.

మా వైపు పిల్లలకి తుపాకీ ఇచ్చేముందు నేర్పేది ఒకటే. గొట్టం ముందు మనిషి కనిపిస్తే, ఏమైనా సరే, వేలు తీసెయ్యాలి. ఆలోచించకుండా తీసెయ్యాలి. రాయిస్‌కి దాన్ని నేర్పిందాన్ని నేనే, వాడికి ఎనిమిదేళ్ళప్పుడు, చీపురుకట్ట చేతికిచ్చి.

గట్టు కిందే బయలు, నాలుగడుగుల్లో వాడి గొట్టం ముందుకి చేరొచ్చు; దిగి నడిచాను. ఎల్క్ బెదరకుండా, పరిగెత్తలేదు. నారింజ కోటు వేసుకుని, వాడికీ ఎల్క్‌కీ మధ్యకి, వాడి వైపు మొహం తిప్పి నడిచాను. తుపాకీ మీది దుర్భిణి వెనక వాడి కన్ను కనపడదు కానీ ఆ గొట్టం నోరు కనిపించింది, నల్లటి చుక్క. అది నా రొమ్ము మీదకి వచ్చింది. అక్కడ ఆగింది.

తర్వాత ఆకాశంలోకి లేచింది.

"పిన్నీ!" వాడి గొంతు నాకు తెలిసిన గొంతు కాదు. "పిన్నీ, నీకు పిచ్చెక్కిందా! చచ్చేదానివి! చంపేసేవాణ్ణి నిన్ను!"

ఎల్క్ పోయింది. నేను వాడి పక్కన కూలబడ్డాను. "వేలు తీశావా?"

"ట్రిగ్గర్ సగం లాగేశాను! సగం లాగేశాను పిన్నీ! నువ్వు దుర్భిణిలోకి వచ్చేసరికి..."

"సరే. బోల్టు ముట్టుకోకు. నాకియ్యి."

"ఎందుకొచ్చావు ముందుకి? ఎవరన్నా వస్తారా అలా?"

చెబుతూనే ఉన్నాను, తూటా గురించి, గొట్టం గురించి. వాడి చెవికెక్కడం లేదు. "సగం లాగేశాను" అని అదే మాట. పెదాలు తెల్లగా పాలిపోయాయి. బోల్టు పిడిని రాయితో నాలుగు దెబ్బలు కొడితే గాని లేవలేదు. ఊడి మంచులో పడింది పొట్టి తూటా. తీసి వాడి అరచేతిలో పెట్టాను. దాని మడమ మీద నంబరు వాడే చదివాడు. రెండోసారి చదివాడు.

వాడికి అర్థమైన క్షణం నేను చూశాను. ముందు రైఫిలు వంక చూశాడు. తర్వాత తన చెంప తడుముకున్నాడు, కర్రకి ఆనించిన వైపు.

"కాల్చి ఉంటే," అన్నాడు మెల్లగా, "పోయేది నువ్వా పిన్నీ, నేనా?"

"ఇద్దరం."

"ఇది తెలిసే నడిచావా?"

"మీ అన్నకి ఆ కొత్త గొట్టం ఎంచింది నేనేరా. ఇంకెవరు నడుస్తారు?"

అప్పుడు ఏడ్చాడు. నేనూ ఏడ్చాను. సిగ్గు లేకుండా, గట్టిగా, పెద్ద నోరు కదా నాది. వాగు అవతల నుంచి క్లైడ్ కేకేశాడు. "ఒరేయ్ రాయిస్! ఎల్క్ ఇటు పరిగెత్తుకొచ్చింది! కొట్టలేదేంరా, నిద్రపోయావా?"

రాయిస్ లేచి నన్ను లేపాడు. దిగేటప్పుడు నా కోటు చెయ్యి పట్టుకున్నాడు. ముప్ఫై ఎనిమిదేళ్ళవాడు, ఇద్దరు పిల్లల తండ్రి, గుడారం వచ్చేదాకా ఆ చెయ్యి వదల్లేదు.