ఉజుమే తొట్టి

నా పాదాలతో ఇప్పటికి మూడు వందల మంది నడిచారు. సైనికులు, రాణులు, ఒక దొంగ, రెండు దయ్యాలు. వీడియో గేముల్లో బొమ్మలకి సొంత కాళ్ళ చప్పుడు ఉండదు. ఇసుక పళ్ళెంలోనో చెక్క పలక మీదో నేను నడిస్తే, ఆ చప్పుడు వాళ్ళకి అతికిస్తారు. ఈ పనిలో నన్ను మించినవాళ్ళు ఉండొచ్చు. నాకు మాత్రం ఇంతవరకూ తారసపడలేదు.

అలాంటి నా చేతికి ఉజుమే వచ్చింది. జపాను పురాణంలో సూర్యదేవత అమతెరాసు, తమ్ముడి ఆగడాలు భరించలేక అలిగి గుహలో దూరి బండ అడ్డం పెట్టేసుకుంటుంది. లోకమంతా చీకటి. దేవతలందరూ గుహ ముందు చేరతారు. అప్పుడు ఉజుమే అనే దేవత ఒక తొట్టి బోర్లించి, దాని మీదెక్కి చిందులేస్తుంది. దేవతలు పొట్ట చెక్కలయ్యేలా నవ్వుతారు. నేను లేకుండా వీళ్ళకింత నవ్వెలా వస్తోందని సూర్యదేవత బండ కాస్త జరిపి చూస్తుంది. అంతే, లోకానికి వెలుగొస్తుంది.

మా గేములో ఆడేవాళ్ళే ఆ సూర్యదేవత. తెరంతా చీకటి. బండ అవతల ఉజుమే గెంతడం, దేవతలు నవ్వడం వినపడతాయంతే. బండ జరిపినవాళ్ళకే ఆవిడ కనపడుతుంది. అందాకా ఉజుమే అంటే నేను చేసిన చప్పుడే. రెండు నెలలు దాని మీదే ఉన్నాను.

పరీక్షకి బయటివాళ్ళని నలుగురిని కూర్చోబెట్టారు. ఒక్కరూ బండ జరపలేదు. ఒకాయన గేము పాడైందని కేకేశాడు. ఒకావిడ హాయిగా ఆవులించింది.

మా గేము రూపకర్తని అందరం బాణం అంటాం. ఆడేవాళ్ళు ఎక్కడ ఆగినా తెర మీద ఒక బాణం గుర్తు పెట్టేయడమే అతనికి తెలిసిన మందు.

"అక్కా, శుక్రవారం ఇంకొక్కరిని కూర్చోబెడదాం. వాళ్ళూ కదలకపోతే ఉజుమేని తీసేసి బండ మీద బాణం పెట్టేస్తాను. ఏమీ అనుకోకు."

"దేవతని తీసి బాణం పెడతానంటే అనుకోనా నాయనా? తప్పకుండా అనుకుంటాను!"

ఒళ్ళు మండింది. దానికన్నా ఎక్కువగా బాధేసింది. మూడు వందల మందిలో ఎవరు పోయినా ఇంత బాధపడేదాన్ని కాదు.

ఇంటికెళ్ళి ఆ చప్పుడు మా అత్తయ్యకి వినిపించాను. ఆవిడ ఆసుపత్రి లాండ్రీలో ముప్పై ఏళ్ళు తొట్లతో బతికిన మనిషి. కళ్ళు మూసుకుని మొత్తం విని, హెడ్‌ఫోన్సు తీసేసింది.

"ఎవరమ్మా ఈ నవ్వేవాళ్ళు?"

"నటులు అత్తయ్యా. మనసారా నవ్వమని మరీ మరీ చెప్పాను."

"నువ్వు చెప్పావని నవ్వారు పాపం. ఈ నవ్వుకి నేను మంచం కూడా దిగను. ఆ తొట్టి చప్పుడేంటి, గడియారం కొట్టినట్టు? బోర్లించిన తొట్టి మీద ఎవరైనా అంత కుదురుగా గెంతుతారా?"

"తొట్టి బాగానే ఉంది. నవ్వులే బాలేవు."

"ఆడలేక మద్దెల ఓడందిట."

"అయితే మీరే వచ్చి గెంతండి!"

"వస్తాను. నాకేం భయమా?"

మర్నాడు పొద్దున్నే వచ్చింది, అటక మీది రేకు తొట్టితో సహా. మా రికార్డింగు గదిలో ఒకటే నియమం. ఎర్ర దీపం వెలిగిందంటే దగ్గు వచ్చినా మింగాల్సిందే. గదిలో నేను, బాణం, సౌండు ఇంజినీరు, బొమ్మలు గీసే అమ్మాయి ఉన్నాం. దీపం వెలిగింది. అత్తయ్య చెప్పులు విడిచి తొట్టి ఎక్కింది.

మొదటి గెంతుకి తొట్టి ధన్‌మంది. రెండో గెంతుకి పక్కకి జారింది. అత్తయ్య మైకు స్టాండు పట్టుకుని నిలదొక్కుకుంది. దీపం సంగతి గుర్తుండబట్టి, తొట్టి వైపు వంగి గుసగుసగా తిట్టింది.

"ముప్పై ఏళ్ళు తోమానే నిన్ను! విశ్వాసం లేదుటే?"

అమ్మాయి మోచేతిలో ముఖం దాచుకుంది. ఇంజినీరు ముక్కులోంచి ఒక కూత వచ్చింది. బాణం గోడ వైపు తిరిగిపోయాడు, భుజాలు మాత్రం ఎగిరిపడుతున్నాయి. నేను పిడికిలి కొరుక్కున్నాను. బిగబట్టిన కొద్దీ ఎక్కడో ఒకచోట నవ్వు కారుతూనే ఉంది. అత్తయ్య మాత్రం పట్టుదలగా ఇంకో ఇరవై గెంతులు వేసి దిగింది.

దీపం ఆరగానే గదంతా గొల్లుమంది.

"నవ్వు నాలుగు విధాల చేటని ఊరికే అన్నారా? మన గొంతులన్నీ రికార్డులో పడ్డాయి, మళ్ళీ తీద్దాం," అన్నాడు బాణం కళ్ళు తుడుచుకుంటూ.

ఇంజినీరు వేలు అప్పటికే చెరిపేసే మీట మీద ఉంది. ఒక్క గెంతులో వెళ్ళి అతని చెయ్యి పట్టుకున్నాను.

"ముట్టుకోకు! నాకు కావలసింది ఇదే. ఆ నటుల నవ్వులన్నీ తీసెయ్. గుహ బయట మన నవ్వులే ఉంటాయి."

ఆపుకున్న నవ్వు వింటే ఎవరికైనా సంగతేమిటో తెలుసుకోవాలనిపిస్తుంది. ఇన్నేళ్ళ పనిలో ఇది తట్టనందుకు లోపల సిగ్గేసింది. పైకి మాత్రం మొదటి నుంచీ నా పథకం ఇదే అన్నట్టు నిలబడ్డాను.

శుక్రవారం వచ్చినావిడ పళ్ళ డాక్టరు. ఊళ్ళోవాళ్ళ నోళ్ళన్నీ తెరిపించే మనిషి, తను మాత్రం పెదవి విప్పలేదు. హెడ్‌ఫోన్సు పెట్టుకుని కూర్చుంది. తలుపు మూసి మేం ఐదుగురం వరండాలో నిలబడి, అక్కడున్న చిన్న తెరలో ఆవిడని చూస్తున్నాం.

ఉజుమే తొట్టి మొదటిసారి మోగింది. తర్వాత జారింది. గుసగుస, కూత. డాక్టరమ్మ కనుబొమలు ముడిపడ్డాయి. చేతిలో ఉన్న గేము మీటలు బల్ల మీద పెట్టేసింది. హెడ్‌ఫోన్సు తీసేసి లేచింది.

"అయిపోయిందక్కా," అన్నాడు బాణం మెల్లగా.

ఇంతలో మా ముందున్న తలుపు భళ్ళున తెరుచుకుంది.

"ఎందుకా నవ్వు? నన్ను చూసేనా?" అని దబాయించింది డాక్టరమ్మ.

మేం ఐదుగురం చావు కబురు విన్న ముఖాలతో నిలబడి ఉన్నాం. అత్తయ్యే తేరుకుంది.

"మేం నవ్వలేదమ్మా. లోపలివాళ్ళు."

డాక్టరమ్మ మా ముఖాలు వరసగా చూసింది. వెనక్కి తిరిగి, బల్ల మీది హెడ్‌ఫోన్సు చూసింది. వెళ్ళి కూర్చుని వాటిని పెట్టుకుని, మీటలు అందుకుని రెండు చేతులా నొక్కి బండ జరిపేసింది. వెలుగు ఆవిడ ముఖం మీద పడింది. తెర మీద ఉజుమే, ఒక కాలు గాల్లో, బుగ్గలు పూరించి, జారుతున్న తొట్టి మీద. డాక్టరమ్మ ముప్పై రెండు పళ్ళూ కనపడేలా నవ్వింది.

బాణం గొంతు సవరించుకున్నాడు. "కానీ అక్కా, ఆవిడ ముందు వేరే తలుపు తీసింది కదా!"

"నీ బాణం చూసి ఎవరైనా కుర్చీలోంచి లేచారా నాయనా, ఇన్నేళ్ళలో?"

అతని ముక్కులోంచి కూత వచ్చింది. వరండాలో ఎర్ర దీపం లేదు కాబట్టి, ఈసారి అందరం గొంతెత్తే నవ్వాం.