ఎర్రజెండా గాలి

పన్నెండున్నరకు అతను ప్లాట్‌ఫారం చివర మోకాళ్ళ మీద కూర్చుని పైపును కుళాయికి బిగిస్తున్నాడు. ఆగిన రైళ్ళ ట్యాంకుల్లో నీళ్ళు నింపడం అతని పని. ఇరవై ఆరేళ్ళుగా అదే. స్టేషన్లో అందరికీ అతను పైపు బాబాయి. ఇంట్లో బిందె నింపడు గానీ పోయే రైళ్ళన్నీ నింపుతాడని భార్య దెప్పుతుంది.

పార్సిల్ గుమాస్తా కిటికీలోంచి అరిచాడు. "బాబాయ్, వచ్చే బండి వెనక అరలో కుక్కుంది! యాభై నిమిషాలుగా సిగ్నల్ దగ్గర ఎండలో నిలబెట్టేశారు."

చివరి పెట్టెలో గార్డు పక్కన కుక్కల కోసం ఇనప అర ఒకటి ఉంటుంది. బండి కదిలితే దాంట్లోకి గాలి వస్తుంది, నిలబడితే రాదు. అతను ఉద్యోగంలో చేరిన ఏడాది ఇలాగే ఒక కుక్క రొప్పుతుంటే జాలిపడి, అర చుట్టూ తడి గోనెలు కట్టాడు. గాలాడక ఆ కుక్క తర్వాతి స్టేషన్ చేరేలోపే చచ్చిపోయింది. ఆ సంగతి భార్యకు కూడా చెప్పలేదు.

ముందు బోగీలు నింపే ఆమె అతనికి వరసకు మరదలు. "నావి కూడా నువ్వే చూడు," అన్నాడు.

"మళ్ళీ కుక్కేనా బావా? మనుషులు మొహం కడుక్కోవద్దా?" అంటూనే ఆమె పైపు భుజాన వేసుకుని పరుగెత్తింది.

బండి వచ్చింది. ఎనిమిది నిమిషాలు ఆగుతుంది. గార్డు అర తలుపు తీశాడు. కుక్క పక్కకు పడి ఉంది. నాలుక ఊదారంగుకు తిరిగింది. దాన్ని పెంచుకునే ఆమె నాలుగో బోగీ నుంచి పరుగెత్తుకొచ్చింది. ముగ్గురూ కలిసి కుక్కను రేకుల నీడలోకి దించారు.

అతను కుళాయి తిప్పి పైపు మూతిని పట్టాల మీదికి పెట్టాడు.

"ఇది చచ్చిపోతుంటే పట్టాలకు పోస్తావేంటయ్యా! ఇటివ్వు!" ఆమె పైపు లాగింది.

"లాగకండమ్మా! పొద్దుట్నుంచీ ఎండలో పడున్న పైపిది. లోపలున్నవి కాగిన నీళ్ళు."

ఆమె చెయ్యి పెట్టి చూసి చటుక్కున తీసేసుకుంది. పైపు పొడవు ఇరవై మీటర్లు. అతను మణికట్టు మీద నీళ్ళు పడనిస్తూ అంకెలు లెక్కపెట్టాడు. నలభై దాటాక చల్లబడ్డాయి.

పొట్ట, చంకలు, పాదాలు తడిపాడు. ఆమె దోసిటతో నోట్లో పోయబోయింది.

"వద్దు! మింగలేదమ్మా. ఊపిరితిత్తుల్లోకి పోతాయి."

ఆమె తడి తువ్వాలు కప్పబోయింది. అతను లాగి పారేశాడు. "కప్పొద్దు! గాలి కావాలి. గాలి!"

గార్డు చేతిలో ఉన్నదానితో విసరడం మొదలుపెట్టాడు. చేతిలో ఉన్నది పచ్చజెండా. సిగ్నల్ అప్పటికే ఇచ్చారు. ఇంజను కూత వేసింది. చక్రాలు కిర్రుమన్నాయి.

"సార్, జెండా!"

"ఓరి నాయనో!" గార్డు చంకలోని ఎర్రజెండా లాగి ఊపాడు. బండి బారెడు దూరం కదిలి ఆగింది.

"దాంతోనే విసరండి సార్. ఆపకండి."

గార్డు రెండు చేతులా విసిరాడు. అది ఊగుతున్నంతసేపూ బండి కదలదు. కిటికీల్లోంచి తలలు బయటికొచ్చాయి. "గార్డుకి ఎండదెబ్బ తగిలినట్టుందిరోయ్!" అని ఎవరో అరిచారు. స్టేషన్ మాస్టరు గదిలోంచి పరుగున వచ్చాడు.

"కుక్క కోసం రైలాపుతావటయ్యా?"

"ఒక్క నిమిషం సార్, చెయ్యి ఖాళీ లేదు," అన్నాడు గార్డు.

పదో నిమిషం. పదకొండు. అతను పాదాలు తడుపుతూనే ఉన్నాడు. పన్నెండో నిమిషంలో కుక్క చెవి కదిలింది. తర్వాత తల లేచింది. అతను దోసిట్లో నీళ్ళు పట్టి దాని ముందు ఉంచాడు. అది తనంతట తానే నాకింది. కిటికీల్లో ఈలలు, కేకలు. స్టేషన్ మాస్టరు కూడా చప్పట్లు కొట్టి, గబుక్కున చేతులు వెనక్కి పెట్టుకున్నాడు.

"బతికిందా బావా?" మరదలు దూరం నుంచి కేకేసింది. అతను చెయ్యెత్తాడు.

"మళ్ళీ ఆ అరలో వద్దు సార్," అన్నాడు గార్డుతో.

"నా ఫ్యాను కింద పడుకోబెడతాను. ఎవరేం రాసుకుంటారో రాసుకోనీ."

"లేచింది కదా అని ఊరుకోకండమ్మా. దిగగానే డాక్టరుకు చూపించండి."

కుక్కను ఎక్కించారు. పచ్చజెండా ఊగింది. కదిలే పెట్టెలోకి ఆమె చివర్లో ఎగిరి ఎక్కింది. బండి మలుపు దాటే వరకు కూత వినిపించింది, ఆ తర్వాత లేదు.

రెండు బోగీలు సగమే నిండాయి. సాయంత్రం సంజాయిషీ రాయాలి. అతను కుళాయి కట్టేసి వెనక్కి తిరిగాడు. ప్లాట్‌ఫారం మీది తడి అప్పుడే అంచుల నుంచి ఆరిపోతోంది. మధ్యలో ఆడవాళ్ళ చెప్పు ఒకటి, తెగిన పట్టీని తెల్లదారంతో కుట్టుకున్నది, నీళ్ళు నిండి ఉంది.