ఒక్క మనిషి నడిచిన దారి

పైకప్పు లేని ఇంటిని ఊడవడానికి ఒక పద్ధతుంది. గుమ్మం దగ్గర మొదలుపెట్టారో, సాయంత్రమైనా గుమ్మం దగ్గరే ఉంటారు. గాలికి వీపు పెట్టి దాని వెంటే నడవాలి. సగం పని అదే చేసిపెడుతుంది. పెళ్లయిన ఏటి నుంచీ, ఏటా నవంబరులో, ఎల్సిరా అత్తగారి ఇంటిని ఇలాగే ఊడుస్తోంది. ఆ ఇంట్లో ఎవరూ కాపురం ఉండటం లేదు. ఆ మాటకొస్తే ఆ ఊళ్లోనే ఎవరూ లేరు.

అటకామా ఎడారిలో సురేకారం తవ్వడానికి కట్టిన ఊరు అది. పేరు లా పొర్ఫియాదా, అంటే మొండిది. కట్టించిన దొర పెళ్లాం మీద ప్రేమకొద్దీ పెట్టాడంటారు. ఆవిడ మాత్రం ఒక్కసారైనా ఇటు తొంగిచూడలేదు. సురేకారానికి గిరాకీ పోయాక జనాన్ని లారీలెక్కించి ఇకీకె రేవుకు పంపేశారు. అప్పటికి ఎల్సిరా పదకొండేళ్ల పిల్ల. మా ఎడారిలో వాన పడదు. తడిబట్ట దులిపేలోపు ఆరిపోతుంది, దులిపేవాడు చప్పున నీడకు చేరకపోతే వాడూ ఆరిపోతాడు. అందుకే ఊరు చచ్చింది గానీ కుళ్లలేదు. ఇప్పుడది టికెట్టు కొని చూడవలసిన స్థలం. ఊరి పుట్టినరోజున పాతవాళ్లంతా బస్సుల్లో వచ్చి, ఎవరి ఇల్లు వాళ్లు ఊడ్చుకుని, కిటికీ కంతలకు పరదాలు కట్టి, బల్ల వేసి భోంచేసి వెళ్తారు. ఎవరి ఇల్లు వాళ్లు అన్నది మగవాళ్ల లెక్క.

ఎల్సిరా పుట్టిన ఇల్లు ఆ ఊళ్లోనే, వెనక వరసలో, పెళ్లికాని కూలీల గదుల పక్కన ఉంది. తండ్రి గనిలో రాళ్లు పగలగొడుతుంటే, తల్లి ఒతీలియా ఆ కూలీలకు మూడు పూటలా వండిపోసేది. పెళ్లయిన మొదటి ఏడే ఆ ఇల్లు చూసొస్తానని ఎల్సిరా అడిగింది. అత్తగారు, దోన్యా జునీల్దా, చేతిలో గుడ్డ మడత పెడుతూ ఎంతో నెమ్మదిగా చెప్పింది. "అక్కడికెందుకమ్మాయ్? మధ్యాహ్నం తిరిగేసరికి మీ అమ్మ వెనక తలుపు తీసుకుని ఎడారిలోకి పోయేదని ఊరందరికీ తెలుసు. ఎవడి దగ్గరికి పోయేదో, అదొక్కటే తెలీదు."

ఆ మాట ముప్పై ఏళ్లు ఎల్సిరాతోనే కాపురం చేసింది. పులుసులో ఉప్పెక్కువైతే ఆ మాట పైకొచ్చేది, పక్కింటాయనతో నవ్వితే పైకొచ్చేది, ఒంటరిగా బజారుకు బయల్దేరితే గడపలో అడ్డం పడుకునేది. ఎదురు చెప్పడానికి ఆమె దగ్గరేమీ లేదు. ఎందుకంటే అది అబద్ధం కాదు. కూలీల భోజనాలయ్యాక అమ్మ పిల్లల్ని పడుకోబెట్టి, కళ్లు తెరిస్తే ఎండకు గుడ్లు ఎండి రాలిపోతాయని చెప్పేది. పిల్లలు గట్టిగా కళ్లు మూసుకునేవాళ్లు. తర్వాత వెనక తలుపు కిర్రుమనేది. ఎల్సిరా ఆ చప్పుడు విన్నది. ఎవరికీ చెప్పలేదు. చూడాలన్న కోరిక ఎంత ఉందో, చూస్తే ఏం కనపడుతుందోనన్న భయమూ అంతే ఉండి, రెండూ కలిసి ఆమెను ఏటా చీపురు దగ్గరే నిలబెట్టాయి.

ఈసారీ బస్సు ఆగవలసిన చోటల్లా ఆగింది. ముందు, లారీ డ్రైవరు చచ్చిపోయిన మలుపులో కట్టిన బొమ్మరిల్లంత గుడి దగ్గర. దాని చుట్టూ తోటి డ్రైవర్లు మొక్కు తీర్చుకున్న నంబరు ప్లేట్లు కుప్పలు. హారన్ కొట్టకుండా దాటితే టైరు పేలుతుందట. తర్వాత, కొండ మీది రాక్షసుడి దగ్గర. ఎప్పటి మనుషులో నల్లరాళ్లు తీసేసి, కింది తెల్లమట్టి తేలేలా గీసిన కొండంత మనిషి. ఎల్సిరా భర్త నిబాల్దో కిందికి దిగి, పరాయి ఊళ్లవాళ్లను పోగేసి, ఆ రాక్షసుడు నెలకోసారి దిగొచ్చి బీరు తాగుతాడనీ, రోడ్డు పక్క హోటలుకు అంత ఎత్తు కప్పు వేసింది అందుకేననీ చెప్పాడు. అందరూ నవ్వారు. ఎల్సిరా అప్పుడు ఒక చేత్తో అత్తగారికి గొడుగు పట్టి, రెండో చేత్తో రొట్టెలకు అవకాడో పూస్తోంది. ముప్పై ఏళ్లుగా ఆ రాక్షసుడు ఆమెకు మోకాళ్ల వరకే పరిచయం. మిగతావాడు గొడుగు అంచు వెనక ఉంటాడు.

ఊరి టికెట్ల గది దగ్గర కొత్త బోర్డు వేలాడుతోంది. వెనక వరస గోడలు కూలేలా ఉన్నాయట, పండగ కాగానే పడగొట్టేస్తారట. ఎల్సిరా దాన్ని రెండుసార్లు చదివింది.

భోజనాలయ్యాయి. ఎంగిలి గిన్నెలు బల్ల మీద ఉండగానే ఆమె చెయ్యి తుడుచుకుని చెప్పింది. "అత్తయ్యా, మా ఇంటిదాకా వెళ్లొస్తాను."

"మీ ఇల్లా? మరి పొద్దున ఊడ్చింది ఎవరిదమ్మా?"

నిబాల్దో పళ్లు కుట్టుకుంటూ, వెళ్తే వెళ్లావు గానీ ముసలీ, టీకి నీళ్లు పడేసి వెళ్లమన్నాడు. నీళ్లు పొయ్యెక్కలేదు. మరిచిపోయిందనుకున్నారు. దోన్యా జునీల్దా మాత్రం వెనకనుంచి అంది: "కనుక్కురా, ఎవడో. చచ్చేలోపు నేనూ వింటాను."

ఇల్లంటే ఒక గది, ఒక వంటిల్లు. పొయ్యి మీది గోడకు మసి అలాగే ఉంది. వేలితో రాస్తే, ఇందాకే దించిన గిన్నె మసిలా అంటింది. ఇక్కడే అమ్మ నిలబడి వండేది, నిలబడి తినేది, నిలబడే చెల్లెలికి పాలిచ్చేది. అమ్మ కూర్చోగా ఎల్సిరా చూసిన గుర్తు లేదు. శవపేటికలో పడుకోబెట్టిన రోజు కూడా, మరీ ఎక్కువసేపు పడుకుందే, ఇక లేస్తుందేమో అనిపించింది.

వెనక తలుపు పోయింది, దాని కంత ఉంది. కంతలోంచి ఒక కాలిబాట ఎడారిలోకి సాగిపోయింది.

మా నేల అలాంటిది. తెల్లవారుజామున సముద్రపు మంచు దిగి ఉప్పుమట్టిని తడుపుతుంది, ఎండెక్కేసరికి అది సిమెంటులా బిగుసుకుంటుంది. పగలు ఆ పెంకు విరిగేలా అడుగేస్తే, మర్నాటి మంచుకు ఆ అడుగు అలాగే బిగుసుకుని మనుమల కాలానికీ ఉంటుంది. ఆ బాట ఒక పాదమంత వెడల్పు. పోయే అడుగులూ వచ్చే అడుగులూ ఒకదాని మీద ఒకటి, కుడికాలు కాస్త బయటికి తిరిగి. అమ్మ నడక. ఈ బాట చివర ఏ గుడిసె ఉంటుందో, గుడిసెలో ఎవరి చొక్కా ఉంటుందో. వెనక్కి పోతే గిన్నెలున్నాయి, చేతులకు అలవాటైన పని. ఒకసారి ఆగింది కూడా. తర్వాత తన పాదం తీసి అమ్మ అడుగులో పెట్టింది. సరిపోయింది.

బాట ఒక మిట్ట దాటి దిగింది. ఊరు కనపడకుండా పోయింది. అక్కడ ఒక కుర్చీ ఉంది.

వంటింటి కుర్చీ. కర్ర ఎండి ఎముకలా తెల్లబడింది. వీపు ఊరి వైపు, ముఖం అవతలి కొండ వైపు. ఎల్సిరాకు అప్పుడు గుర్తొచ్చింది, ఇంట్లో ఒక కుర్చీ ఎప్పుడూ తక్కువ ఉండేది. అదేమైందని ఎవరూ అడగలేదు, అమ్మ ఎలాగూ కూర్చోదు గదా.

కూర్చుంది. కుర్చీ కిర్రుమని ఓర్చుకుంది. గాలి తప్ప చప్పుడు లేదు, ఆ కాసేపట్లో ఆమెను పిలిచిన వాళ్లు లేరు. పొద్దు వాలేకొద్దీ, అంతవరకూ బోడిగా ఉన్న ఎదుటి కొండ మీద గీతలు లేచాయి. ఒక లామా, మా కొండల్లో బరువులు మోసే పొడుగు మెడ జంతువు, దాని వెనక ఇంకొకటి, ఇంకొకటి, వాలంతా బారులుగా నడుస్తున్నాయి. చివర ఒక మనిషి, చేతులు రెండూ ఖాళీగా, తాపీగా వాటి వెంట వస్తోంది. ఈ వైపు ఏ రోడ్డూ లేదు. ఏ బస్సూ ఆగదు. ఎండ ఇటు తిరిగిన ఈ కాస్త వేళే అది లేస్తుంది. ఎల్సిరా గొడుగు అంచు అడ్డం లేకుండా, పాదాల నుంచి తల దాకా, ఎప్పటి మనుషులో ఎందుకోసమో గీసి వదిలిపోయిన ఆ నడకను మొత్తం చూసింది. అమ్మ రోజూ దీన్ని చూసింది. చూసి, పగిలిన చేతులతో వెనక్కి వచ్చి, రాత్రి వంటకు బంగాళాదుంపలు చెక్కింది. ఏడుపు వస్తుందనుకుంది ఎల్సిరా. రాలేదు. ఒళ్లంతా తేలికగా, గుడిలో పాట ఆగిన తర్వాతి నిశ్శబ్దంలా ఉంది.

నిబాల్దో రొప్పుతూ వచ్చాడు. టీ సంగతి ఎత్తబోయి కుర్చీని చూశాడు. అంతే, ముప్పై ఏళ్ల కథకు ముగింపు దొరికినట్టు అతని కళ్లు మెరిశాయి. కొండకు వీపు పెట్టి, వంగి, నేలంతా గాలించడం మొదలుపెట్టాడు. రెండో కుర్చీ పెట్టిన గుంటల కోసం, మగవాడి బూటు ముద్ర కోసం, ఓ సీసా పెంకు కోసం, సిగరెట్టు పీక కోసం. చుట్టూ తిరిగాడు, మోకాళ్ల మీద కూర్చుని ఊదాడు కూడా. కొండ మీద లామాలు అతని వెనకనుంచి నడిచిపోతున్నాయి. ఎల్సిరా చూపించలేదు.

చివరికి నడుం పట్టుకుని లేచాడు.

"ఇంకెవరి జాడా లేదే. అంటే ముసలీ, ఇక్కడ ఎవరూ లేరా?"

"ఎందుకు లేరు," అంది ఎల్సిరా, కుర్చీలోంచి లేవకుండా. "అమ్మ ఉండేది."