నా కంప్యూటర్ ఒక్కటే

ఆదోనిలో మా జిన్నింగ్ మిల్లు ఆఫీసులో ఐదు కంప్యూటర్లున్నాయి. పొద్దున ఏది తెరిచినా సర్వర్‌తో కలవడానికి అర నిమిషం పట్టేది. ఒకసారి కలిస్తే సాయంత్రం దాకా జోరుగా నడిచేది. ఆ అర నిమిషానికే పత్తి తెచ్చిన రైతులు తూకం చీటీల కోసం నా మీద అరిచేవాళ్లు.

కంప్యూటర్లు బాగుచేయడానికి ఎమ్మిగనూరు నుంచి బస్సులో వచ్చే మంజునాథ్ ఆ జబ్బు పట్టుకోవడానికి నాలుగు గురువారాలు తిరిగాడు. బస్సు వేళకు నేను గేటు వైపే చూసేదాన్ని. ఆఫీసంతా అతన్ని ‘మంజన్నా’ అని పిలిచేది. నేను ఒక్కసారి కూడా ‘అన్నా’ అనలేదు. ఆ సంగతి అతను గమనించాడో లేదో తెలియక ఒళ్లు మండేది.

ఐదో గురువారం జబ్బు దొరికింది. మూలనున్న పాత సర్వర్‌ను ఎప్పుడో ఆపేశారు. అయినా ఏటా ఆయుధపూజకు దానికి బొట్టు పెడుతూనే ఉన్నాం.

“కంప్యూటర్లన్నీ ముందు దాన్నే పిలుస్తాండాయి మేడం. అది పలకదని తేలినాకే కొత్తదాని దగ్గరికి పోతాండాయి,” అన్నాడు.

ఒక్కోదాంట్లో పాత సర్వర్ నంబరు నాకు చూపించి తీసేస్తూ వచ్చి, చివరికి నా దాని ముందు కూర్చున్నాడు. లేచి, “ఇంక నాతో పని లేదులే,” అని సంచి సర్దుకున్నాడు. నా వైపు చూడను కూడా లేదు. ఎంత పొగరు! ఇంక గురువారం వస్తే ఎంత, రాకపోతే ఎంత అనుకున్నాను.

మరునాడు నాలుగు కంప్యూటర్లు తెరవగానే కలిశాయి. నాది మాత్రం అర నిమిషం ఆగింది. అతను నిన్న చూపించిన చోట వెతికితే, పాత నంబరు అట్లాగే ఉంది.

ఫోన్ చేశాను. “నా దాంట్లో ఇంకా లేటే అయితాంది.”

“తెలుసు,” అన్నాడు.