ఎర్నమ్మ ఐసుపెట్టెలో రక్తం సూది

నేను ఒక బుల్లి గాజుసీసాను. నా కడుపులో ఉన్నది నీళ్లలా కనిపించే హార్మోను మందు. రక్తం పుట్టించమని మీ మూత్రపిండాలు ఎముకల్లోని మూలుగను పురమాయిస్తాయి చూడండి, ఆ పనే నాదీనూ. నన్ను చల్లగా ఉంచాలి, గడ్డకట్టనివ్వకూడదు. అంతకుమించి నాకు గొంతెమ్మ కోరికల్లేవు.

విశాఖలో ఒక ఆసుపత్రికి నన్నూ నా అన్నల్నీ కొని తెచ్చింది చేపలమ్మే ఎర్నమ్మ. ఆటో బోల్తాపడి ఆమె చెల్లెలు పైడితల్లి ఐసీయూలో చావుబతుకుల మధ్య ఉంది. గాయాల్లో పోయిన రక్తం చాలదన్నట్టు, ఉదయం పరీక్షలకని తీస్తారు, సాయంత్రం తగ్గిపోయిందని తల పట్టుకుంటారు. ఇదీ మనుషుల తెలివి! ఎక్కిద్దామంటే ఆమెది ఎక్కడా దొరకని గ్రూపు.

ఎర్నమ్మ నన్ను వెలుతురుకు ఎత్తి చూసి మండిపడింది.

"రగతం సూది అన్నారు. దీన్లో రగతమేది డాట్రమ్మా? నీల్లు గదా!"

"ఇది రక్తం కాదమ్మా, పుట్టించే మందు," అంది డాక్టర్ వహీదా. "వెంటనే పనిచేయదు. ఒంట్లో రక్తం గడ్డలు కట్టే ప్రమాదమూ ఉంది. అందుకే అందరికీ ఇవ్వం. మీ చెల్లికి వేరే దారి లేదు."

"అయితే ఏసెయ్యండి. దాన్ని సావనివ్వను నాను!"

ఆ మాట నాకు భలే నచ్చింది. నేనూ సావనివ్వను.

వారానికొక అన్న వెళ్లాడు, తోడుగా ఇనుము మందు. వహీదా పరీక్షలు తగ్గించి, పసిపిల్లలకు వాడే బుల్లి గొట్టాల్లోకే రక్తం తీయించింది. ఐసీయూలో నన్నుంచిన ఫ్రిజ్ తలుపు తెరిచినప్పుడల్లా నేను చెవి రిక్కించేవాణ్ణి. మొదట్లో ఏ మార్పూ లేదు. "నీల్లే," అని ఎర్నమ్మ గొణిగితే నాకు ఒళ్లు మండేది. మూలుగకు నిద్ర వదలాలి కదా!

ఒక ఉదయం నీరసంగా ఓ కొత్త గొంతు వినిపించింది. పైడితల్లి తన అక్కను పిలుస్తోంది!

"అప్పా, ఆకలేత్తంది."

నా వంతు రాకుండానే రక్తం పెరిగింది, మందు ఆపేశారు. పనికిరానివాణ్ణయ్యానని కుమిలిపోయాను. మిగిలిన నన్ను ఎర్నమ్మ చేతిలో పెట్టి, "చల్లగా ఉంచండి," అని నర్సు చెప్పింది. గడ్డకట్టకూడదని చెప్పడం మరిచింది. చల్లదనం గురించి చేపలావిడకు ఒకరు చెప్పాలా? ఇంటికెళ్లగానే నన్ను వంజరం చేపల నడుమ ఐసుపెట్టెలో కప్పెట్టింది. తెల్లారేసరికి గడ్డకట్టి బిగుసుకుపోయాను.

ఇంటికొచ్చిన పైడితల్లి చేపలు తీస్తూ నన్ను చూసింది.

"ఇదెందుకప్పా?"

"ఉండనీ. నీకోసం ఏ యముడొచ్చినా దీన్ని సూపించి తరుముతాను."

నేను పాడైపోయిన సంగతి ఎర్నమ్మకు చెప్పకండి. యముడికి అసలే చెప్పకండి.