ఇంకా తెల్లబడలేదు

తెల్లబడిందని నేను, లేదని మా ఆయన హోవెల్. అప్పటికి పంతొమ్మిది రోజులుగా మా ఇంట్లో ఇదే పాట.

మా ఇంట్లో దక్షిణం వైపున్న కిటికీ ఒక్కటే. వంటింట్లో, సింకు పైన. దాని అద్దానికి హోవెల్ ఒక ప్లాస్టిక్ సంచీని టేపుతో అంటించాడు. సంచీలో అరచేయంత కాగితం. దాని మీద బొమ్మ విమానం రెక్కలకీ పక్కలకీ అంటించే గుండ్రటి గుర్తులు, అంకెలు, అక్షరాలు. నీళ్లలో నానబెడితే కాగితం మీంచి జారి వచ్చేస్తాయి, ఉల్లిపొర లాంటి బొమ్మలు. అరవై ఏళ్ల నాటి పెట్టెలో విమానం ముక్కలన్నీ క్షేమంగానే ఉన్నాయి గానీ, ఈ బొమ్మల కాగితం మాత్రం టీ ఒలికినట్టు పసుపెక్కింది. ఎండలో పెడితే పసుపు విరుగుతుందట. పాత పెట్టెలు కొని విమానాలు కట్టేవాళ్లందరి ఇళ్లలోనూ ఏదో ఒక కిటికీకి ఇలాంటి సంచీ వేలాడుతూనే ఉంటుందట.

మా రేవు ఊరు పెంబ్రోక్ డాక్‌లో ఎండ మన చెప్పుచేతల్లో ఉండదు. అందుకని ఓపిక పట్టాను. గిన్నెలు కడుగుతూ రేవు నీళ్లు చూసే అలవాటు మానుకుని, ఆ గుర్తుల్ని చూస్తూ కడిగాను. ఏప్రిల్లో వరసగా ఎనిమిది రోజులు ఎండ కాసింది. మా ఊళ్లో అది పేపర్లో వేసుకోవాల్సిన వార్త. ఆ ఎనిమిది రోజులకే కాగితం శుభ్రంగా తెల్లబడింది. ఆ మాటే చెప్పాను. హోవెల్ కళ్లజోడు నుదుటి మీదికి తోసి, ముక్కు అద్దానికి తగిలేంత దగ్గరగా వెళ్లి చూశాడు.

"ఇంకా ఉంది పసుపు."

"ఎక్కడుందో నాకూ చూపించు."

"నువ్వు చొక్కాలు ఉతికే కళ్లతో చూస్తున్నావు మెన్నా. ఇది వేరే."

"నలభైమూడేళ్లుగా నీ చొక్కాలు తెల్లగా వచ్చాయో లేదో చూస్తున్న కళ్లు ఇవి. వీటికి తెలియకపోతే ఇంకెవరికి తెలుస్తుంది?"

జవాబు దొరకనప్పుడు హోవెల్ కెటిల్ స్విచ్ వేస్తాడు. వేశాడు.

ఆ విమానం సండర్‌లాండ్. నేల మీద కాకుండా నీళ్ల మీద వాలే రకం. మా కిటికీలోంచి కనిపించే ఈ రేవులోనే ఒకప్పుడు వరసగా లంగరు వేసుకుని ఉండేవి. హోవెల్ వాళ్లమ్మ గ్వెన్ అప్పట్లో ఆ విమానాల స్థావరం క్యాంటీన్లో వంట చేసేది. వానలో కూడా తెల్లగా మెరిసేవని, ఎవరో నీళ్ల మీద దుప్పట్లు ఆరేసినట్టు ఉండేవని చెప్పేది. అవి వెళ్లిపోయేనాటికి హోవెల్‌కి రెండేళ్లు. అతనికి గుర్తున్నది విమానాలు కాదు, అమ్మ చెప్పిన తెలుపు.

తొమ్మిదో పుట్టినరోజుకి ఆవిడ కొడుక్కి ఇదే విమానం పెట్టె కొనిపెట్టింది. వాడి చేతులకి తొందరెక్కువని గుర్తులన్నీ తనే అంటించింది. వీధిలో అందరికీ సూదిలో దారం ఎక్కించి పెట్టిన మనిషి. అరవై ఎనిమిదో ఏట ఆవిడ చూపు మధ్యలో మచ్చ పడింది. కంటి వెనకపొర పాడయ్యే జబ్బు. అప్పట్లో దానికి మందు లేదు. చివరి పదేళ్లూ ఆ విమానాన్ని ఒళ్లో పెట్టుకుని రెక్కల మీది రివెట్లని, ఆ మేకు తలల్లాంటి బొడిపెల్ని, వేళ్లతో తడుముతూ కూర్చునేది. ఆవిడ పోయాక ఇల్లు ఖాళీ చేస్తుంటే అది నా చేతుల్లోనే విరిగింది. హోవెల్ ఒక్క మాటా అనలేదు. అంటే బాగుండేది.

పోయిన శీతాకాలం ముందు చర్చి హాల్లో పాత పెట్టెల అమ్మకంలో హోవెల్‌కి మళ్లీ అదే రకం పెట్టె దొరికింది. ఇంటికొచ్చి, కోటు కూడా విప్పకుండా, పెట్టె ముందు కూర్చుండిపోయాడు.

ముక్కలు అతికించడం వరకూ బాగానే సాగింది. తెలుపు దగ్గరే పేచీ. మూడు పూతలు వేశాడు. చాల్లేదన్నాడు. ఈమధ్య రంగులు నాసిగా వస్తున్నాయని ఇంకో సీసా తెప్పించాడు. దీపంలోనే లోపముందని బల్బు మార్చాడు. ఐదో పూత ఆరుతున్నప్పుడు అతని స్నేహితుడు ఐవర్ వచ్చాడు. ఆ పాత విమానాల ఒంటినిండా చెమటకాయల్లా రివెట్లు తేలి ఉంటాయి. అవి కనిపించేలా పలచగా రంగు వెయ్యడమే వీళ్ల పనితనం.

"రివెట్లు ఏమయ్యాయిరా హోవెల్? మంచు కురిసిందా?" అన్నాడు ఐవర్.

ఇతరులు మందంగా రంగు వేస్తే నెలల తరబడి వెక్కిరించే మనిషి హోవెల్. ఐవర్ మాటకి నవ్వేశాడు. మర్నాటినుంచి విమానం మీద గుడ్డ కప్పి ఉంచాడు. నాకు అప్పుడే అనుమానం రావాల్సింది. ముసలితనపు చాదస్తం అనుకున్నాను.

ఇరవయ్యో రోజు గురువారం. ఆదివారం భోజనానికి మా ఆడపడుచు బెటి, మా కూతురు రియన్, అల్లుడు గెథిన్ వస్తున్నారు. అద్దం తుడవాలి. సంచీ ఊడబీకి బల్ల మీద పెట్టాను. రియన్ వాళ్లు వెళ్లాక మళ్లీ అంటించమన్నాడు హోవెల్. కావాలంటే రియన్నే అడుగుదాం తెల్లగా ఉందో లేదో అన్నాను. మీ తల్లీకూతుళ్లిద్దరూ ఒక జట్టేగా, నాకు న్యాయం ఎక్కడ జరుగుతుందని అన్నాడు.

సరే, సాక్ష్యం చూపిస్తానని అలమార తెరిచాను. మా పెళ్లికి వచ్చిన పింగాణీ సెట్టులోంచి ఒక సాసరు తీశాను. అంచు గీత కూడా లేని తెల్ల సాసరు. కాగితాన్ని అందులో పెట్టాను.

"ఇప్పుడు చెప్పు. రెండూ ఒకటే రంగా కాదా?"

"ఒకటే రంగు."

"అదే కదా నేను మొత్తుకుంటున్నది."

"సాసరు మీగడ రంగుది కదా మెన్నా. మొదటినుంచీ."

ఎగతాళి చేస్తున్నాడేమోనని మొహం చూశాను. లేదు. సాసరు వైపే చూస్తున్నాడు, తప్పు నాదేనన్నంత నమ్మకంగా.

పాల జగ్గు తెచ్చి పక్కన పెట్టాను. అదీ అంతేనన్నాడు, ఈసారి కాస్త నెమ్మదిగా. ఉప్పు డబ్బా తీసి అతని ముందు గుప్పెడు పోశాను. హోవెల్ ఉప్పుని వేలితో కదిపాడు. కిటికీ వెలుగులోకి జరిపి మళ్లీ చూశాడు.

"ఉప్పు కూడానా" అన్నాడు.

కెటిల్ దగ్గరికి వెళ్లలేదు. కుర్చీలో కూర్చున్నాడు. నవంబరు నుంచీ ఇలాగే ఉందన్నాడు. ఓడల దీపాల చుట్టూ పొగలా వలయాలు కనిపిస్తున్నాయట. పేపరు చదువుతున్నట్టు పట్టుకుంటున్నాడు గానీ పెద్దక్షరాలు తప్ప తెలియడం లేదట. అమ్మ జబ్బు వచ్చేసిందని అనుకున్నాడు. అతనికీ అరవైతొమ్మిది నిండబోతున్నాయి.

"నాకెందుకు చెప్పలేదు?"

"చెబితే డాక్టరు దగ్గరికి లాక్కెళతావు. వాళ్లు దానికి పేరు పెడతారు. చూపు పోయేలోపు ఈ ఒక్కటీ పూర్తి చేద్దామనుకున్నా."

అతన్ని దగ్గరికి తీసుకోవాలని ఉంది, వీపు మీద ఒక్కటి వెయ్యాలనీ ఉంది. నోటికి వచ్చింది మాత్రం ఇంకొకటి.

"పోయిన వారం నన్ను పక్కన కూర్చోబెట్టుకుని హావర్‌ఫోర్డ్‌వెస్ట్ దాకా కారు నడిపావు."

"మెల్లిగానే నడిపాను."

"అందుకేనా మన వెనక ట్రాక్టరు హారన్ కొట్టింది?"

నవ్వబోయాడు గానీ రాలేదు. నేను బజార్లో కళ్లద్దాల దుకాణానికి ఫోన్ చేశాను. మర్నాడు ఎవరో రావడం మానుకున్నారట, ఆ వేళ ఇచ్చారు. ఆ రాత్రి మేమిద్దరం మంచం మీద వెల్లకిలా పడుకుని, నిద్రపోతున్నట్టు ఒకరికొకరం నటించాం.

కళ్లు పరీక్షించే అమ్మాయికి మా రియన్ కన్నా తక్కువ వయసే ఉంటుంది. హోవెల్ కళ్లలో చుక్కలు వేసింది. కంటి చుక్కలంటే చిన్నపిల్లాడిలా పారిపోయే మనిషి, కుర్చీ చేతుల్ని పట్టుకుని వేయించుకున్నాడు. తర్వాత ఏవో యంత్రాలతో కంటి వెనకభాగం ఫొటోలు తీసింది. నేను మూల కుర్చీలో అతని టోపీ ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాను. ఆ అమ్మాయి ఫొటోలు ఒక్కొక్కటే తిప్పి చూస్తోంది. గోడ మీది అక్షరాల పలకని నేను పైనుంచి కిందికీ, కిందినుంచి పైకీ చదువుతూనే ఉన్నాను.

"మీ అమ్మగారి జబ్బు గురించి చెప్పారు కదా. మీ కంటి వెనకపొర చక్కగా ఉంది. దాని ఛాయ కూడా లేదు" అంది.

హోవెల్ ఇంకోసారి చెప్పమన్నాడు. ఆ అమ్మాయి విసుక్కోకుండా మళ్లీ చెప్పింది. ఉన్నవి శుక్లాలేనట. కంట్లో ముందువైపున్న లెన్సు వయసుతో మసకబారి పసుపెక్కిందట. అందుకే తెల్లటివన్నీ పసుపుగా కనిపిస్తున్నాయట.

హోవెల్ ఆ అమ్మాయి వైపు వంగాడు.

"కిటికీకి అంటిస్తే విరుగుతుందా?"

పాపం ఆ అమ్మాయికి అర్థం కాలేదు. నాకు నవ్వు ఆగలేదు. నవ్వుతూ నవ్వుతూ ఎప్పుడు ఏడవడం మొదలుపెట్టానో నాకే తెలియదు. ఆ అమ్మాయి కాగితం రుమాళ్ల డబ్బా నా వైపు తోసింది. ఆ గదిలో రోజుకొకరైనా ఇలా చేస్తారేమో, మొహంలో వింతేమీ లేదు.

ఆపరేషను అరగంట పనేనట. పాత లెన్సు తీసి కొత్తది పెడతారు. తొందరేమీ లేదు, ఎప్పుడు కావాలంటే అప్పుడు చెప్పండి, ఆసుపత్రికి ఉత్తరం రాస్తాను, కారు మాత్రం అందాకా నడపొద్దు అంది. కన్ను తెరిచి ఉంచే కోస్తారా అని హోవెల్ అడిగాడు. అవునంది. ఆలోచించుకుని చెబుతానన్నాడు.

బయటికి రాగానే ఆకలేస్తోందన్నాడు. శీతాకాలం నుంచీ అతని నోట ఆ మాట వినలేదు. రేవు గోడ దగ్గర కారు ఆపుకుని చేపలు, చిప్స్ తిన్నాం. తనవి తినేసి నావీ సగం లాక్కున్నాడు. చుక్కల వల్ల వెలుగు గుచ్చుకుంటోందని నా నల్ల కళ్లద్దాలు పెట్టుకున్నాడు, అంచున పువ్వులున్నవి. సీగల్ పక్షి ఒకటి వచ్చి అతన్నే ఎగాదిగా చూసింది. ఇంటి దాకా నేనే నడిపాను. దారంతా గేరు మార్చమని పోరు పెట్టాడు.

"చూపు సరిగా లేనివాళ్లు మాట్లాడకూడదు" అన్నాను. మహా హాయిగా ఉంది అలా అనగలగడం. ముందురోజు అనగలిగే మాట కాదది.

ఇంటికి రాగానే బెటికి ఫోన్ చేశాడు. ఆవిడకి డెబ్భైనాలుగు. ఇన్నేళ్లుగా అక్కాతమ్ముళ్లిద్దరూ ఆ జబ్బు ఊసే ఎత్తకుండా దాని గురించే భయపడుతున్నారని నాకు అప్పటిదాకా తెలియదు. "అమ్మది కాదక్కా" అన్నాడు హోవెల్. ఆవిడ పొయ్యి మీద దుంపలు మాడుతున్నాయని ఫోన్ పెట్టేసింది. పది నిమిషాల తర్వాత ముక్కు దిబ్బడతో మళ్లీ చేసి, ఆర్నెల్లు దాచినందుకు తమ్ముణ్ణి చెడామడా తిట్టి, ఆ దుకాణం నంబరు తనకీ ఇమ్మంది.

శనివారం పొద్దున్న హోవెల్ విమానం మీది గుడ్డ తీశాడు. నన్ను పిలిచాడు.

"నిజం చెప్పు. ఎలా ఉంది?"

"పెళ్లి కేకులా ఉంది."

"రివెట్లు?"

"ఒక్కటీ లేదు."

రెక్క మీద వేలు పెట్టి అటూ ఇటూ రాశాడు. వాళ్లమ్మ అలాగే రాసేది. తలాడించి గుడ్డ కప్పేశాడు. తర్వాత హాల్లోకి వెళ్లి తలుపు మూసుకుని ఎవరికో ఫోన్ చేశాడు. నేను అడగలేదు.

ఆదివారం గొర్రెపిల్ల మాంసం వేయించాను. పుదీనా సాస్ బెటి తెచ్చింది, నాది పుల్లగా ఉంటుందని ఆవిడ ఎప్పుడూ తెస్తుంది. గెథిన్ పైకప్పు మరమ్మతు కథ చెబుతున్నాడు. రియన్ మధ్యలో కిటికీ వైపు చూసి, "అమ్మా, సంచీ ఏదీ?" అంది.

గెథిన్ కథ ఆపాడు. హోవెల్ గ్రేవీ జగ్గు కింద పెట్టి జేబులోంచి కారు తాళాలు తీశాడు. వాటిని నా కంచం పక్కన పెట్టాడు. ఉప్పు అందుకోమని అడిగేంత మామూలు గొంతుతో చెప్పాడు.

"కళ్లద్దాల దుకాణంలో అమ్మాయికి నిన్న ఫోన్ చేశాను. ఆసుపత్రికి ఉత్తరం రాస్తోంది. రెండు కళ్లకీ ఆపరేషను చేయించుకుంటున్నాను, ఒకదాని తర్వాత ఒకటి. అందాకా కారు మీ అమ్మది. బొమ్మల కాగితం డ్రాయర్లో పెట్టాను. తెల్లబడిందట. కళ్లు వచ్చాక ఆ రంగంతా తీసేసి, పలచగా మళ్లీ వేసి, గుర్తులు నేనే అంటిస్తాను."

తర్వాత దుంపల గిన్నె బెటి వైపు జరిపాడు.