కుక్క బతికితే చాలు

ఎవరికి వైద్యం చేయిస్తున్నామో, ఎవరి కోసం పథ్యం ఉంటున్నామో తెలియని ఇల్లు ఈ కోటబొమ్మాళి చుట్టుపక్కల ఏదైనా ఉందంటే అది మాదే. నాకు పిచ్చి లేదు. ఇంకో వారం ఇలాగే సాగితే మాత్రం పట్టేటట్టుంది. అందుకే జరిగింది జరిగినట్టు మొదటి నుంచీ చెప్పుకుంటున్నాను, చెప్తూంటే నాకైనా అర్థమవుతుందేమోనని.

నా పేరు దాలమ్మ. మా ఆయన అప్పలసూరి నాకు మేనత్త కొడుకు, బావ అనే పిలుస్తాను. అంటే మా అత్త గున్నమ్మ నేను పుట్టినప్పటి నుంచీ నన్ను తిడుతూనే ఉంది, పెళ్ళయ్యాక కొత్తగా మొదలుపెట్టే పని లేకపోయింది. ఆవిడకి నలుగురు పుడితే ముగ్గురు పోయి బావ ఒక్కడు మిగిలాడు. ఆ ఒక్కడికి తుమ్ము వస్తే ఆవిడకి జ్వరం వస్తుంది.

ఈ అరవై ఎనిమిదో సంవత్సరం ఉగాది వెళ్ళిన నాలుగో రోజున, కళ్ళంలో మినుములు నూరుస్తుంటే బావని కుక్క కరిచింది. నల్ల కుక్క. ఎవరిదీ కాదు, ఊరందరిదీ. పడుకున్నదాని తోక తొక్కాడు కాబట్టి కరిచిందని కొందరు, లేదు, అదే పరిగెత్తుకొచ్చి కరిచిందని కొందరు. తొక్కితే కరిచినదైతే పిచ్చి ఉండదు, ఊరికే వచ్చి కరిచినదైతే ఉంటుందని ఊరి లెక్క. బావనే అడిగాను.

"తొక్కినానో నేదో నాకేటి తెలుసే? కాలు తీసీసరికి పిక్కట్టుకున్నాది," అన్నాడు.

కరిపించుకున్నవాడికే తెలియకపోతే ఇంకెవరికి తెలుస్తుంది? ఈలోగా అత్త సున్నం, మిరప్పొడి కలిపి గాయంలో కూరేసింది. బావ వేసిన కేకకి కళ్ళంలో ఎద్దులు బెదిరాయి. "మంటెక్కితే విసం సచ్చినట్టే, ఊరుకో నాయినా," అని ఇంకాస్త కూరింది.

ఆ సాయంత్రమే పసరు మనిషి కూర్మయ్య దగ్గరికి తీసుకుపోయింది. ఏ ఆకు నూరతాడో చెప్పడు, చెబితే పనిచెయ్యదట. కొబ్బరి చిప్పలో నల్లటి పసరు ఇచ్చి నిబంధనలు చెప్పాడు. నలభై రోజులు ఉప్పు, పులుపు ముట్టకూడదు. గెడ్డ, అదే మా ఊరి వాగు, దాటకూడదు. తెల్లవారీసరికి ఏడు నూతుల్లోకి తొంగి చూడాలి. నీళ్ళల్లో తన మొహం కనిపిస్తే మంచిది. కుక్క మొహం కనిపిస్తే విషం ఎక్కినట్టు.

మర్నాడు నేనూ వెంట వెళ్ళాను. ఆరు నూతుల్లో బావకి బావే కనిపించాడు. ఏడోది ఎండిపోయింది. ఇప్పుడేం చెయ్యాలి? ఎండిన నూతిలో మొహం ఉన్నట్టా, లేనట్టా? కూర్మయ్యని అడిగితే చాలాసేపు బుర్ర గోక్కుని, అది లెక్కలోకి రాదు, ఇంకోటి చూడమన్నాడు. ఇంకో నూతిలో తొంగి చూసి బావ నీరుగారిపోయాడు.

"మీసాలు కనిపించినాయే," అన్నాడు.

"నీకు మీసాలున్నాయి గదా బావా!"

"కుక్కకీ ఉంటాయి గదే."

నాకు ఒళ్ళు మండిపోయింది. చేతికి అందిన చీర కట్టుకుని, బావని రెక్క పట్టుకుని నరసన్నపేట బస్సు ఎక్కించాను. అత్త బస్సు వెనకాల నాలుగడుగులు పరిగెత్తి, గెడ్డ దాటకూడదే, దాటకూడదే అని అరిచింది. గెడ్డ మీది వంతెన వచ్చేసరికి బావ కళ్ళు గట్టిగా మూసుకున్నాడు. చూడకపోతే దాటినట్టు కాదట. మందు అక్కడా, సూది ఇక్కడా, కాలు రెండు పడవల మీదా.

ఆసుపత్రిలో డాక్టరు నరసింగరావుగారు గాయంలో మిరప్పొడి చూసి నన్నే తిట్టారు. సబ్బుతో కడిగించారు. బొడ్డు చుట్టూ రోజుకొకటి, పద్నాలుగు సూదులు అన్నారు. తరువాత అన్నది మాత్రం నాకు అక్షరం పొల్లుపోకుండా గుర్తుంది.

"ఆ కుక్కని చంపకండమ్మా. కట్టేసి పది రోజులు చూడండి. అది బతికి ఉంటే మీ ఆయనకి భయం లేదు, సూదులు ఆపేస్తాను. చచ్చిందా, పద్నాలుగూ వేయించుకోవలసిందే."

ఇంటికి వచ్చి ఉన్నదున్నట్టు అత్తకి అప్పజెప్పాను. నా నోరు పడ!

"అయితే నా గుంటడి పేనం ఆ కుక్కలో ఉన్నాదన్నమాట," అంది అత్త.

"కాదత్తా. దానికి పిచ్చుంటే పది రోజుల్లో సస్తాది. నేకపోతే బతుకుతాది. మనకి తెలడానికి సూడమన్నారు."

"అదేనే నానూ అంటన్నాను. అది బతికితే ఈడు బతుకుతాడు."

ఎన్నిసార్లు చెప్పినా అక్కడికే వచ్చేది. చెప్పి చెప్పి చివరికి ఆవిడ చెప్పిందే నిజమేమో, నేనే తప్పు విన్నానేమో అని నాకు అనుమానం వచ్చింది.

కుక్క దొరికింది. పశువుల సాలలో కట్టారు. ఇక చూడాలి దాని వైభోగం! పెరుగన్నం, కోడిగుడ్డు, నేతి చుక్క. ఎండ తగలకుండా తాటాకు తడక. పక్కన బావ ఉప్పు లేని గంజి తాగుతూ కూర్చునేవాడు.

"అమ్మా, కరిసినది అది. కరిపించుకున్నది నాను," అన్నాడు ఒకరోజు.

"నోర్ముయ్. అది తింటేనే నువ్వుంటావు."

నాలుగో రోజున అత్త కుక్కని కూడా నూతుల దగ్గరికి తీసుకుపోయింది. నిజం, ఒట్టు. తాడు పట్టుకుని, ముందు కాళ్ళు గట్టు మీద పెట్టించి, మెడ వంచి లోపలికి చూపించింది. నీళ్ళు తోడుతున్న పక్కింటి బుల్లమ్మ చేద వదిలేసి చూసింది.

"గున్నమ్మా, కుక్కకి కుక్క మొహమే గదేటి కనిపిస్తాది? మరి పిచ్చున్నట్టా, నేనట్టా?"

బుల్లమ్మే మళ్ళీ అంది, "పోనీ మనిసి మొహం కనిపిస్తే బాగున్నట్టా?" ఆ ప్రశ్న మీద మా వీధి వీధంతా రెండు రోజులు కొట్టుకుంది. కూర్మయ్యని అడిగితే, ఈ ముక్క మా గురువు నాకు సెప్పనేదు అన్నాడు.

రోజూ నేనూ బావా బస్సు ఎక్కడం, సూది, దిగడం. బొడ్డు చుట్టూ బావ పొట్ట పూరీలా పొంగింది. చొక్కా తగిలినా మూలిగేవాడు. ఇంకెన్ని, ఇంకెన్ని అని అడిగేవాడు. నేను కుక్క వంక చూసేదాన్ని. పది రోజులు అది నిలబడితే ఈ మనిషికి ఈ నరకం తప్పుతుంది. సిగ్గు విడిచి చెప్తున్నాను, అత్త చూడకుండా నేను కూడా దానికి బెల్లం ముక్క పెట్టాను.

ఎనిమిదో రోజున కుక్క తిండి మానేసింది. ఒక మూల ముడుచుకు పడుకుంది. నెయ్యి అరగలేదన్నాను. ఎండదెబ్బ అన్నారు ఒకరు. పిచ్చి ముదిరింది అన్నారు ఇంకొకరు.

తొమ్మిదో రోజు పొద్దున్న సాలలోంచి అత్త ఏడుపు వినిపించింది. "ఓలమ్మో, నా కొడుకో, నన్నొగ్గీసి పోనావా నా తండ్రో!" అని గుండెలు బాదుకుంటోంది. మంచం మీద బావ దిగ్గున లేచి కూర్చుని, పొట్ట తడుముకుని, నా వంక చూశాడు.

"ఒసే, నాను బతికే ఉన్నానా?"

"నేకపోతే ఎవుడితో మాటాడతన్నానురా బావా!" అని అరిచాను. నవ్వు రాలేదు.

నేను సాలలోకి వెళ్ళేసరికి అత్త కుక్కకి పసుపు రాసి, కొత్త తువ్వాలు కప్పేసింది. కొబ్బరి చెట్టు కింద పాతించేసింది. ఆ రోజు డాక్టరుగారు వంద ప్రశ్నలు వేశారు. నోట్లోంచి నురగ వచ్చిందా? గొంతు మారిందా? మళ్ళీ ఎవరినైనా కరిచిందా? కుక్క తల తెచ్చి ఉంటే పరీక్షకి పంపేవాళ్ళం కదా?

నాకు తెలియదు, తెలియదు, తెలియదు. ఎవరినీ కరవలేదు అని మాత్రం చెప్పాను. అది ఒక్కటే తెలుసనుకున్నాను.

"అయితే పద్నాలుగూ పడాలి," అన్నారు.

పడ్డాయి. పద్నాలుగో సూది వేయించుకుని ఇంటికి వచ్చిన రోజున బావ గుమ్మంలోనే పుల్ల మజ్జిగలో ఉప్పు కలుపుకుని రెండు గ్లాసులు తాగాడు. కూర్మయ్య పథ్యం గంగలో కలిసింది. గటగటా తాగుతున్న కొడుకుని చూస్తూ అత్త గోడకి చేరబడి కూర్చుంది. సంతోషించాల్సిన మనిషి ఎడమ చేతి వేళ్ళ మీద ఏదో లెక్కపెట్టుకుంటోంది.

"ఏటత్తా, అలాగున్నావు? అయిపోనాయి గదా."

"పద్నాలుగూ పడినాయా? ఒకటీ తక్కువ నేదా?"

"నేదు."

"అయితే సెప్తాను," అంది. "ఎనిమిదో నాడు అది తిండి మానీసింది గదా. కూర్మయ్య పసరు సగం చిప్ప మిగిలిపోతే దానికి తాగించినాను. బతుకుతాదని. తెల్లారీసరికి పోనాది."

అంటే కుక్క పిచ్చితో చచ్చిందా, పసరుతో చచ్చిందా? పసరుతోనే చచ్చి ఉంటే? పిచ్చే లేని కుక్క కోసం బావ పొట్ట తూట్లు పొడిపించుకున్నాడా? మరి పసరు తాగకముందే తిండి ఎందుకు మానింది? కోపం ఎక్కడి నుంచి వచ్చిందో తెలియదు, నోటికి వచ్చినట్టు తిట్టాను. మేనత్త అని చూడలేదు, ముసలిది అని చూడలేదు. నీ తెలివి తెల్లారిపోను, నీ మూలాన నా మొగుడు చిత్రవధ పడ్డాడు, ఆ రోజే చెప్పి ఉంటే డాక్టరు ఏదో ఒకటి తేల్చేవాడు కదా అన్నాను. అత్త తలొంచుకుని వింది. ఊపిరి అయిపోయి ఆగాను. ఆగాక తట్టింది.

"అత్తా, ఒద్దన్న కుక్క నోట్లో పసరు ఎలాగ పోసినావు?"

అత్త కొంగు చాటు నుంచి కుడి చెయ్యి తీసి చూపించింది. బొటనవేలి కింద నాలుగు పళ్ళ గాట్లు. సున్నం, మిరప్పొడి ఎండి అట్ట కట్టి ఉంది. ఆరు రోజులది. ఈ ఆరు రోజులూ ఆ చేత్తోనే మాకు వండి పెట్టింది, ఎడమ చేత్తో వడ్డిస్తుంటే వయసు మీద పడింది అనుకున్నాను, కళ్ళు ఉన్న గుడ్డిదాన్ని.

బావ చేతిలో గ్లాసు కింద పెట్టేశాడు. "అమ్మా, ఎందుకు సెప్పనేదు?"

"సెప్తే ఏటవుతాది? పసరు పోసినానని డాక్టరు బాబుకి తెలుస్తాది. ఓహో, పసరుకి సచ్చినాదా, పిచ్చి నేదన్నమాట, ఇంక సూదులొద్దు, ఇంటికెల్లు అంటాడు. నిజింగా పిచ్చుంటే? నీకు సగం సూదులే పడుంటాయి." చెయ్యి మళ్ళీ కొంగులో దాచుకుంది. "నాకేటి తెలుసురా అది దేనికి సచ్చినాదో? తెలనప్పుడు నోరు ముయ్యడమే మంచిది. పద్నాలుగూ పడీదాకా ఊరుకున్నాను."

నేను పద్నాలుగు రోజుల నుంచి ఈవిడని పిచ్చిమాలోకం అనుకున్నాను. ఇంట్లో అందరికంటే సరిగ్గా ఆలోచించింది ఈవిడే. కాదు, సరిగ్గా ఆలోచించిందా? ఆరు రోజులు చేతులారా పోగొట్టుకుంది. ఇది తెలివో, తెలివితక్కువో చెప్పేవాళ్ళుంటే కాళ్ళకి దండం పెడతాను. నేను తిట్టిన తిట్లన్నీ మళ్ళీ గుర్తొచ్చాయి. చెంగు అడ్డం పెట్టుకుని ఏడ్చాను.

మర్నాడు మొదటి బస్సుకే తీసుకుపోయాను. డాక్టరుగారు అంతా విని చాలాసేపు పెన్ను మూత తీసి పెట్టారు, తీసి పెట్టారు. "ఆ కుక్క దేనితో చచ్చిందో నాకూ తెలియదమ్మా. తెలియదు కాబట్టి ఉందనుకునే వేస్తాను," అన్నారు. ఆలస్యమైపోయిందా బాబూ అని అడిగాను. వేద్దాం అన్నారు. అవునని అనలేదు, కాదని అనలేదు.

ఇవాళ అయిదో సూది. అత్త ఇంతవరకూ మగవాడి ముందు కొంగు పక్కకి జరిపి ఎరగదు. సూది పడేటప్పుడు కళ్ళు నా వైపే పెట్టి, నా చెయ్యి నలిపేస్తుంది. విషం ఎక్కినవాళ్ళకి నీళ్ళు దిగవంటారు, అందుకే ఇంట్లో చెంబు ఎత్తి నీళ్ళు తాగుతుంటే నేనూ బావా ఆవిడ గొంతు వంకే చూస్తాం. మింగిందా, మింగలేదా? తెలియనట్టు పక్కకి తిరుగుతాం. ఆవిడకి తెలుసు.

సూది అయ్యాక బస్సు కోసం చింతచెట్టు నీడలో కూర్చున్నాం. నా కోసం కట్టి తెచ్చుకున్న చద్ది మూట విప్పాను కానీ ముద్ద దిగలేదు, పక్కన పెట్టేశాను. అత్త అడిగింది.

"పిల్లా, ఆడికైతే కుక్కని సూడమన్నాడు డాక్టరు బాబు. ఆ కుక్క పోనాది. మరి నాకు దేన్ని సూడమన్నాడు?"

ఏం చెప్పను? దేన్నీ చూడమనలేదు. చూడడానికి ఏమీ మిగలలేదు.

"నన్ను సూడమన్నారు," అన్నాను. "నాను బాగుంటే నువ్వు బాగుంటావట."

అత్త నమ్మిందో లేదో నాకు తెలియదు. నా మొహం వంక చాలాసేపు చూసింది. తరువాత మూట దగ్గరికి లాక్కుని, కరిపించుకున్న చేత్తోనే చద్దన్నం ముద్ద కలిపి నా నోటి దగ్గర పెట్టింది.

"అయితే తినవేటే, సచ్చినదానా," అంది.